మంచి ఆటగాణ్ణి జట్టు ఎందుకు వదులుకుంటుంది? టైరీక్ హిల్ ఉదంతం ఆధారంగా ఒక సమాధానం

ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెబుతాను. ఉద్యోగరీత్యా అమెరికాలోని ఓవర్‌ల్యాండ్ పార్క్‌కు వచ్చి రెండేళ్లయిందని, అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని కాన్సస్ సిటీ చీఫ్స్ ఆటలు చూడడం అలవాటైందని, 2022 మార్చిలో ఆ జట్టు మెరుపు వేగం గల తన రిసీవర్ (విసిరిన బంతిని పట్టుకుని పరుగెత్తేవాడు) టైరీక్ హిల్‌ను మయామీ డాల్ఫిన్స్‌కు ఎందుకు ఇచ్చేసిందో ఎవరిని అడిగినా "డబ్బు చాలక" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారని రాశారు. 2025 ఐపీఎల్ వేలానికి ముందు సన్‌రైజర్స్ హైదరాబాద్ 23 కోట్ల రూపాయలు పెట్టి క్లాసెన్‌ను అట్టిపెట్టుకోగలిగినప్పుడు, అంతకంటే ఎన్నో రెట్లు పెద్ద లీగ్‌లో ఉన్న జట్టుకు ఆ పని ఎందుకు చేతకాలేదన్నది మీ సందేహం. సీజన్ లేని నెలల్లో జట్టు తీసుకునే నిర్ణయాలను ఎలా బేరీజు వేయాలో కూడా చెప్పమన్నారు.

సూటిగా చెబుతాను. డబ్బు చాలక కాదు. కావాలనుకుంటే చీఫ్స్ హిల్‌ను నిలుపుకోగలిగేవారు. అతనికి ఇవ్వాల్సిన సొమ్ము, అతనికి బదులుగా వచ్చే డ్రాఫ్ట్ పిక్స్ (ఏటా కొత్త కుర్రాళ్లను వరుసలో ఎంచుకునే హక్కులు), ఈ రెండూ కలిసి రాబోయే మూడు నాలుగేళ్లలో జట్టులోని మిగతా చిల్లులను ఎన్నింటిని పూడుస్తాయో లెక్క వేసుకుని వదులుకున్నారు. నా దృష్టిలో అది సరైన నిర్ణయమే. అయితే హిల్ స్థానంలో అంతటి రిసీవర్ దొరికినందువల్ల అది సరైనది కాలేదు, ఎందుకంటే అలాంటి రిసీవర్ దొరకలేదు. లాభం వేరే చోట, డిఫెన్స్‌లో వచ్చింది. ఈ ఉదంతంలో చాలామంది పట్టించుకోని సంగతి అదే.

నేను పదకొండేళ్లు ఆటగాళ్ల తరఫున ఒప్పందాలు కుదిర్చే ఒక చిన్న ఏజెంట్ కార్యాలయంలో లెక్కలు చూశాను. అంటే బేరంలో జట్లకు ఎదురుగా కూర్చున్న పక్షం మాది. జట్లు తమ గదుల్లో ఏం మాట్లాడుకుంటాయో నేను వినలేదు గానీ, అవి మా ముందు పెట్టిన అంకెలను చూసి వాటి వెనకున్న ఆలోచనను పట్టుకోవడమే నా ఉద్యోగం. కింద రాసేదంతా ఆ అనుభవంతో చూసినదే.

ఐపీఎల్‌తో పోలిక మంచిదే, కానీ ఒక చోట తప్పుదోవ పట్టిస్తుంది. సన్‌రైజర్స్‌కు ఆ ఏడాది దక్కిన పరిమితి 120 కోట్ల రూపాయలు. అందులో 75 కోట్లు క్లాసెన్, కమిన్స్, అభిషేక్ శర్మ, ట్రావిస్ హెడ్, మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిలకు పోగా, మిగిలిన 45 కోట్లతో వేలానికి వెళ్లారు. పాత బాకీ అంటూ ఏదీ మెడకు చుట్టుకోలేదు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కూడా ప్రతి జట్టుకూ ఒకే జీతాల పరిమితి ఉంటుంది, దాన్నే క్యాప్ అంటారు. 2022లో అది 20.82 కోట్ల డాలర్లు. కానీ ఇక్కడ నిన్నటి నిర్ణయాల బాకీ నేటి పద్దులో ఉంటుంది, నేటి నిర్ణయాల బాకీ రేపటి పద్దులోకి వెళుతుంది.

ఆ బాకీ ఎలా పుడుతుందంటే, ఆటగాడికి సంతకం చేసినప్పుడు ఇచ్చే బోనస్ మొత్తం ఒక్కసారే అతని చేతికి వస్తుంది గానీ, జట్టు లెక్కలో మాత్రం గరిష్ఠంగా ఐదేళ్ల మీద సమానంగా పరుచుకుంటుంది. మధ్యలో అతణ్ణి వదిలేసినా, వేరే జట్టుకు ఇచ్చేసినా, ఇంకా లెక్కలోకి రాని మిగులు ముందుకు వచ్చి పడుతుంది. జట్టులో లేని మనిషి పేరున క్యాప్‌లో కూర్చునే ఈ మొత్తాన్నే డెడ్ మనీ అంటారు. జూన్ 1 తర్వాత వదిలిస్తే దాన్ని రెండేళ్లకు పంచుకునే వెసులుబాటు కూడా ఉంది. వేసవిలో కొందరి విడుదల ఆ తేదీ దాకా ఎందుకు ఆగుతుందో మీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది.

చీఫ్స్‌కు ఈ కిటుకు బాగా తెలుసునని 2021 మార్చిలోనే రుజువైంది. క్వార్టర్‌బ్యాక్ (ఆటను నడిపి బంతి విసిరేవాడు) పాట్రిక్ మహోమ్స్‌తో 2020లో వాళ్లు పదేళ్ల పొడిగింపు కుదుర్చుకున్నారు. దాని గరిష్ఠ విలువ 50.3 కోట్ల డాలర్లు. 2021లో అతనికి రావలసిన సుమారు 2.17 కోట్ల డాలర్ల రోస్టర్ బోనస్‌ను (జట్టులో ఉన్నందుకు ఇచ్చేదాన్ని) సంతకపు బోనస్‌గా మార్చారు. దాంతో ఆ ఏడాది పద్దులో పడినది సుమారు 43 లక్షల డాలర్లే. దాదాపు 1.74 కోట్ల డాలర్ల చోటు అక్కడికక్కడే దొరికింది, తర్వాతి నాలుగేళ్లూ ఏడాదికి 43 లక్షల చొప్పున బాకీ మిగిలింది. మహోమ్స్‌కు ఒక్క డాలరు కూడా తగ్గలేదు.

ఈ మార్పును ఆటగాళ్లే తప్పుగా అర్థం చేసుకుంటారు. మా కార్యాలయం తరఫున ఉన్న ఒక సీనియర్ డిఫెన్స్ ఆటగాడు ఒక రాత్రి పది దాటాక ఫోన్ చేశాడు. జట్టు తన ఒప్పందాన్ని మారుస్తోందని వార్తల్లో చదివి, జీతం కోసేస్తున్నారని భార్యాభర్తలిద్దరూ బెంగపడ్డారు. మాటలతో చెబితే అర్థం కావడం లేదని, కాగితం మీద ఐదు గళ్లు గీసి, మొదటి గడిలోని అంకెను ఐదు ముక్కలు చేసి ఒక్కో గడిలో రాసి, దాని కింద "మీ చేతికి: ఈ శుక్రవారం, మొత్తం" అని రాసి ఫోటో తీసి పంపాను. రెండు నిమిషాల నిశ్శబ్దం తర్వాత అతను అడిగిన ప్రశ్న ఇప్పటికీ నాకు గుర్తుంది: "అయితే ఆ నాలుగు గళ్లు నిండేలోగా నన్ను వదిలేస్తే ఆ బాకీ ఎవరిది?" జట్టుదేనని చెప్పాను. క్యాప్ గురించి తెలుసుకోవలసిన అసలు సంగతిని అతను ఆ ఒక్క ప్రశ్నలో పట్టేసుకున్నాడు.

ఇక హిల్ దగ్గరకు వద్దాం. 2022 మార్చిలో గ్రీన్ బే ప్యాకర్స్ తమ రిసీవర్ డవాంటే ఆడమ్స్‌ను లాస్ వేగాస్ రైడర్స్‌కు ఇచ్చేయగా, రైడర్స్ అతనికి ఐదేళ్లకు 14 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చారు. ఆ రోజుతో రిసీవర్ల ధర మారిపోయింది. అప్పటికి చీఫ్స్‌తో హిల్ ఒప్పందంలో ఒక్క ఏడాదే మిగిలి ఉంది, పొడిగింపు మీద మాటలు సాగుతున్నాయి. ఆడమ్స్ అంకె బయటికి రాగానే హిల్ పక్షం అంతకంటే ఎక్కువ అడగడం సహజం. మా కార్యాలయమైనా అదే చేసేది. మార్చి 23న మయామీతో బేరం కుదిరింది. మయామీ నుంచి చీఫ్స్‌కు ఐదు పిక్స్ వచ్చాయి: ఆ ఏడాది మొదటి రౌండ్‌లో 29వది, రెండో రౌండ్‌లో 50వది, నాలుగో రౌండ్‌లో 121వది, మరుసటి ఏడాది నాలుగు, ఆరు రౌండ్లలో ఒక్కొక్కటి. మయామీ హిల్‌కు నాలుగేళ్లకు 12 కోట్ల డాలర్ల పొడిగింపు ఇచ్చింది.

ఏడాదికి 3 కోట్ల డాలర్ల సగటు అంటే 2022 క్యాప్‌లో ఏడో వంతు. హిల్ అప్పటికే 28 ఏళ్లు నిండినవాడు, అతని ఆట అంతా వేగం మీద నిలిచినది. ఆ వయసు రిసీవర్‌కు నాలుగేళ్ల హామీ ఇవ్వడం తప్పని నేననను. మహోమ్స్ ఒప్పందాన్ని మళ్లీ సాగదీసి ఆ చోటు తెచ్చుకోవచ్చు కూడా. కానీ అలా చేస్తే బాకీ తీర్చాల్సిన ఏళ్లు సరిగ్గా హిల్ 30 దాటే ఏళ్లే అయ్యేవి, పైగా ఆ ఐదు పిక్స్ ఉండేవి కావు.

పిక్ విలువ ఆటగాడిలో మాత్రమే లేదు, అతని ధరలో కూడా ఉంది. డ్రాఫ్ట్‌లో వచ్చిన కుర్రాడి ఒప్పందం నాలుగేళ్లు, జీతం ముందే ఖరారై ఉంటుంది. మొదటి రౌండ్ వాళ్ల విషయంలో ఐదో ఏడాదిని కలుపుకునే హక్కు కూడా జట్టుకే ఉంటుంది. అతను ఎంత గొప్పగా ఆడినా మూడు సీజన్లు ముగిసేదాకా ఒప్పందాన్ని మార్చడానికి వీల్లేదు. ఆటగాళ్ల పక్షాన పనిచేసినవాడిగా ఈ నిబంధన మీద నాకు కోపమే ఉంది. కానీ జట్టు వైపు నుంచి చూస్తే, ఆటకు, జీతానికి మధ్య ఉండే ఆ అంతరమే మహోమ్స్ లాంటి ఖరీదైన క్వార్టర్‌బ్యాక్ ఉన్న జట్టును నిలబెట్టేది.

జనరల్ మేనేజర్ బ్రెట్ వీచ్ ఆ పిక్స్‌ను ఎలా వాడారో చూడండి. 29వ పిక్‌కు 94, 121 పిక్స్ జోడించి న్యూ ఇంగ్లండ్‌కు ఇచ్చి, 21వ స్థానానికి ఎగబాకి కార్నర్‌బ్యాక్ (ప్రత్యర్థి రిసీవర్లను కాపు కాసే డిఫెన్స్ ఆటగాడు) ట్రెంట్ మెక్‌డఫీని తీసుకున్నారు. 50వ పిక్ నుంచి కాస్త వెనక్కి జరిగి 54వ స్థానంలో రిసీవర్ స్కై మూర్‌ను తీసుకున్నారు. మెక్‌డఫీ 2023 సీజన్‌కు ఆల్-ప్రో (ఆ ఏటి మేటి ఆటగాళ్ల జాబితా) మొదటి జట్టులో చోటు సంపాదించాడు. మూర్ మాత్రం హిల్ నీడను కూడా అందుకోలేకపోయాడు. 2023 ఫిబ్రవరిలో సూపర్ బౌల్‌లో, అంటే లీగ్ ఫైనల్‌లో, ఒక టచ్‌డౌన్ చేయడం మినహా అతని మీద పెట్టుకున్న ఆశ నెరవేరలేదు. అంటే రిసీవర్‌ను ఇచ్చి తెచ్చుకున్న పిక్‌తో మళ్లీ రిసీవర్‌నే తీసుకున్న చోట చీఫ్స్ గురి తప్పింది. అదే సొత్తును జట్టుకు మరింత అవసరమైన స్థానంలో పెట్టిన చోట గెలిచింది.

అదే డ్రాఫ్ట్‌లో తమ మిగతా పిక్స్‌తో వాళ్లు తీసుకున్నవారిని కూడా ఈ లెక్కలో కలపాలి. 30వ పిక్ జార్జ్ కార్లాఫ్టిస్, 62వ పిక్ బ్రయాన్ కుక్, 135వ పిక్ జాషువా విలియమ్స్, 243వ పిక్ జేలెన్ వాట్సన్, 251వ పిక్ ఐజయా పచెకో (వీళ్లలో ఇతనొక్కడే డిఫెన్స్ ఆటగాడు కాడు). వీళ్లు హిల్‌కు బదులుగా వచ్చినవాళ్లు కారు. కానీ ఆ వసంతంలో చీఫ్స్ పట్టుకున్న దారి ఇదే: చవకైన ఒప్పందాల్లో ఉన్న కుర్రాళ్లను ఒకేసారి దండిగా తెచ్చుకుని డిఫెన్స్‌ను కొత్తగా కట్టుకోవడం. మెక్‌డఫీ తొలి ఆటలోనే గాయపడగా, అతని స్థానంలో దిగిన వాట్సన్ సెప్టెంబర్ 15న చార్జర్స్ విసిరిన బంతిని మధ్యలో అందుకుని 99 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. ఆ ఆటను చీఫ్స్ మూడు పాయింట్ల తేడాతో గెలిచింది. మొదటి ఏడాది ఆటగాడికి అప్పటి కనీస జీతం 7,05,000 డాలర్లు, వాట్సన్‌లా ఏడో రౌండ్‌లో వచ్చినవాళ్లు దాదాపు దాని మీదే ఆడతారు. 2023 జనవరి 29న సిన్సినాటీతో ఆడిన కాన్ఫరెన్స్ తుది పోరులో (సూపర్ బౌల్‌కు ముందరి మెట్టు) జో బరో విసిరిన బంతిని కుక్ చేత్తో పైకి లేపగా విలియమ్స్ అందుకున్నాడు. ఇద్దరూ కొత్తవాళ్లే, ఇద్దరూ ఆ వసంతంలో వచ్చినవాళ్లే. ఆ ఆటను నేను ఎన్నిసార్లు చూసినా ఆ క్షణం దగ్గర ఆపి మళ్లీ చూస్తాను. రెండు వారాల తర్వాత చీఫ్స్ ఫిలడెల్ఫియా ఈగిల్స్‌ను 38-35తో ఓడించి సూపర్ బౌల్ గెలిచారు, మరుసటి ఏడాది శాన్ ఫ్రాన్సిస్కోను ఓడించి మళ్లీ గెలిచారు.

హిల్ మయామీలో విఫలమయ్యాడనుకోకండి. 2022లో 1,710 గజాలు, 2023లో 1,799 గజాలు సాధించాడు. ఇచ్చిన డబ్బుకు తగిన ఆట ఆడాడు. 2024 జనవరి 13న సున్నా కంటే నాలుగు ఫారెన్‌హీట్ డిగ్రీలు తక్కువగా ఉన్న రాత్రి చీఫ్స్ సొంత మైదానం యారోహెడ్‌లో తన పాత జట్టుపై మయామీ తరఫున వచ్చిన ఏకైక టచ్‌డౌన్ కూడా అతనిదే. అయినా ఆ ఆట చీఫ్స్‌కు 26-7గా ముగిసింది. ఒక ఆటగాడు గొప్పగా ఆడడం, అతణ్ణి వదులుకున్న నిర్ణయం సరైనది కావడం, రెండూ ఏకకాలంలో నిజం కావచ్చు.

ఇక్కడ మీరు అడగదగిన ప్రశ్న ఒకటుంది. ఇదే సూత్రమైతే అన్ని జట్లూ తమ గొప్ప రిసీవర్లను అమ్ముకోవాలా? అక్కర్లేదు, అదే వసంతంలో దానికి రెండు సాక్ష్యాలున్నాయి. 2022 డ్రాఫ్ట్ రోజున టెన్నెసీ టైటాన్స్ తమ రిసీవర్ ఎ.జె. బ్రౌన్‌ను 18వ పిక్‌కు, ఒక మూడో రౌండ్ పిక్‌కు ఈగిల్స్‌కు ఇచ్చేశారు. ఈగిల్స్ అతనికి నాలుగేళ్లకు 10 కోట్ల డాలర్లు ఇచ్చారు. చీఫ్స్ వదిలిన దారిలోనే ఈగిల్స్ నడిచి, అదే సూపర్ బౌల్‌కు చేరారు. వాళ్లకు అది ఎలా సాధ్యమైందంటే, వాళ్ల క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ 2020లో రెండో రౌండ్‌లో వచ్చినవాడు, అప్పటికింకా తొలి ఒప్పందపు జీతంలోనే ఉన్నాడు. మహోమ్స్ దగ్గర చీఫ్స్ ఖర్చు పెట్టే సొమ్ము ఈగిల్స్‌కు బ్రౌన్ దగ్గర పెట్టడానికి చేతిలో ఉంది. ముందు క్వార్టర్‌బ్యాక్ జీతం చూడండి, ఆ తర్వాతే మిగతా నిర్ణయాలు అర్థమవుతాయి.

టైటాన్స్ కథ వేరు. ఆ 18వ పిక్‌తో వాళ్లు మళ్లీ ఒక రిసీవర్‌నే, ట్రెలాన్ బర్క్స్‌ను, బ్రౌన్ స్థానంలో అచ్చంగా అతికించాలని తీసుకున్నారు. డిసెంబర్‌లో ఫిలడెల్ఫియాలో జరిగిన ఆటలో బ్రౌన్ పాత జట్టు మీద రెండు టచ్‌డౌన్లు చేశాడు, టైటాన్స్ 35-10తో ఓడారు, రెండు రోజుల్లో వాళ్ల జనరల్ మేనేజర్ ఉద్యోగం పోయింది. బేరం ఆకారం చూస్తే చీఫ్స్‌దీ టైటాన్స్‌దీ ఒకటే. పిక్స్‌ను వాడిన తీరే వేరు.

చీఫ్స్ చెల్లించిన మూల్యాన్ని కూడా దాచకూడదు. 2023 సీజన్‌లో వాళ్ల రిసీవర్లు బంతులు జారవిడిచి అభిమానులను ఏడిపించారు. నవంబర్ 20న ఈగిల్స్‌తో ఆటలో, గెలుపును తెచ్చిపెట్టగల పొడవైన బంతి వాల్డెజ్-స్కాంట్లింగ్ చేతుల్లోంచి జారిపోయింది. ఆ సీజన్ ఆ లోటుతోనే గెలవడం డిఫెన్స్ చలవ. అంతటి డిఫెన్స్, అంతటి క్వార్టర్‌బ్యాక్ లేని జట్టు ఇదే పని చేసి ఉంటే ఆ మార్చి నెల నిర్ణయాన్ని నేను తప్పుపట్టేవాణ్ణి.

తప్పును ఒప్పుకుని ఒకేసారి దిద్దుకున్న సందర్భం కూడా ఈ జట్టుకే ఉంది. 2021 ఫిబ్రవరిలో టంపా బే చేతిలో 31-9తో ఓడిన రాత్రి మహోమ్స్ ఆటంతా ప్రాణాలు అరచేత పట్టుకుని పరుగెత్తాడు. అతనికి కాపుండాల్సిన రెండు వైపుల టాకిల్స్, ఎరిక్ ఫిషర్, మిచెల్ స్వార్ట్జ్, గాయాలతో బయట ఉన్నారు. మార్చిలో ఇద్దరినీ విడుదల చేశారు. పైన చెప్పిన మహోమ్స్ బోనస్ మార్పుతో దొరికిన చోటు కూడా అప్పుడు పనికొచ్చింది. జో థూనీని ఐదేళ్లకు 8 కోట్ల డాలర్లకు తెచ్చారు, బాల్టిమోర్ నుంచి ఓర్లాండో బ్రౌన్‌ను బేరమాడి తెచ్చారు, డ్రాఫ్ట్‌లో రెండో రౌండ్‌లో క్రీడ్ హంఫ్రీని, ఆరో రౌండ్‌లో ట్రే స్మిత్‌ను పట్టుకున్నారు. ఒక్క వసంతంలో మహోమ్స్‌కు కాపుండే లైన్ అంతా మారిపోయింది. అప్పు చేసి చోటు తెచ్చుకోవడం తప్పు కాదు. ఆ చోటును దేనికి వాడారన్నదే చూడాలి.

ఇక మీరు అడిగిన రెండో సంగతి, బేరీజు ఎలా వేయాలన్నది. వార్తల్లో వచ్చే మొత్తం అంకెను నమ్మకండి. ఏజెంట్లమైన మేమే ఆ అంకెను పెద్దదిగా చూపించడానికి చివరి ఏడాదిని ఉబ్బించి రాయించుకునేవాళ్లం, ఆ ఏడాది దాకా ఆటగాడు ఆ జీతం మీద ఉండడని ఇరుపక్షాలకూ తెలుసు. పూర్తి హామీ ఎంత, మొదటి రెండేళ్లలో చేతికొచ్చేది ఎంత, ఏ ఏడాది దగ్గర జట్టుకు తక్కువ బాకీతో తలుపు తెరుచుకుంటుందో చూడండి.

సమయం కూడా ధరే. మార్చి మధ్యలో కొత్త లీగ్ ఏడాది మొదలవడానికి రెండు రోజుల ముందు, సోమవారం మధ్యాహ్నం 12 గంటలకు ఏజెంట్లతో మాటలకు అనుమతి వస్తుంది. మా దగ్గరి 29 ఏళ్ల లైన్‌బ్యాకర్ (డిఫెన్స్‌లో ఒక స్థానం) ఒకరికి ఆ మధ్యాహ్నమే ఒక జట్టు రెండేళ్ల ఒప్పందం ప్రతిపాదించింది. అతను ఇంట్లో మాట్లాడి మర్నాడు చెబుతానన్నాడు, మేమూ సరేనన్నాం. ఆ సాయంత్రమే ఆ జట్టు మరో లైన్‌బ్యాకర్‌తో ఖాయం చేసుకుంది. మే నెలలో అతను ఒక్క ఏడాదికి, సీనియర్లకిచ్చే కనీస జీతానికి సంతకం చేశాడు. రెండు నెలల్లో అతని ఆట మారలేదు, జట్ల దగ్గర మిగిలిన ఖాళీలు మారాయి. ఆ సలహాలో మా తప్పు ఉందని నేను ఇప్పటికీ అనుకుంటాను.

ఆగస్టు చివర్లో 90 మంది నుంచి 53 మందికి కుదించే రోజున కూడా ఇదే లెక్క నడుస్తుంది, హిల్ స్థాయిలో కాదు, జట్టులో చిట్టచివరి మనిషి స్థాయిలో. మూడో ఏడాదిలో ఉన్న ఒక సేఫ్టీ (ఇదీ డిఫెన్స్‌లో ఒక స్థానమే) తరఫున మేం ఆ మంగళవారం ఫోన్ దగ్గర కూర్చున్నాం. శిబిరంలో అతను తన పోటీదారు కంటే బాగా ఆడాడని కోచ్‌లే చెప్పారు. కానీ ఆ పోటీదారు ఆ ఏడాదే నాలుగో రౌండ్‌లో వచ్చినవాడు, చవకైన ఒప్పందంలో ఇంకా నాలుగేళ్లున్నవాడు. మూడున్నరకు ఫోన్ మోగింది, మావాణ్ణి వదిలేశారు. మర్నాడు మధ్యాహ్నం వరకూ వేరే ఏ జట్టూ అతణ్ణి అడగకపోవడంతో, సాయంత్రానికి అదే జట్టు ప్రాక్టీస్ బృందంలోకి తిరిగి పిలిచింది. అక్టోబర్‌లో ఒక సేఫ్టీ గాయపడగానే 53 మందిలోకి తీసుకున్నారు, ఆ ఆదివారమే మైదానంలో దిగాడు.